మేకుకు తగిలించిన జాకీ రాడ్డు

"పెన్ను కింద పెట్టక్కా."

షట్టరు కింద నుంచి వంగి గ్యారేజీలోకి వస్తూనే అన్నాడు నిదానం. కారు బానెట్ మీద పరిచిన కాగితంపై సంతకం పెట్టబోతున్న జాకీలమ్మ చెయ్యి టక్కున ఆగిపోయింది. ఆమె పక్కన నిలబడ్డ ఇన్‌స్పెక్టరు మొహం గంటు పెట్టుకున్నాడు.

"వచ్చారూ! ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నాను," అన్నాడు. "ఆవిడే నోరారా ఒప్పుకుంటుంటే మధ్యలో మీకేం పని నిదానంగారూ?"

"ఏమని ఒప్పుకుంటోంది?"

"తను బాగుచేసిన జాకీ ఫెయిలయిందని. అందుకే కారు ఆయన మీద పడిందని. నిర్లక్ష్యం, ఇంకో మాట లేదు. ఇప్పుడు టైము మూడున్నర. అయిదింటికల్లా ఈవిడ జడ్జిగారి ముందు ఉండాలి."

నిదానం అసలు పేరేమిటో అతనికి తప్ప ఎవరికీ గుర్తులేదు. కప్పు కాఫీకి ఇరవై నిమిషాలు, చెప్పులు వేసుకోవడానికి అయిదు నిమిషాలు తీసుకునే ఆ ప్రైవేట్ డిటెక్టివ్‌కి లోకం పెట్టిన పేరది. కానీ ఇవాళ పొద్దున్న జాకీలమ్మ కూతురు వచ్చి గుమ్మంలో కూలబడి ఏడ్చినప్పటి నుంచీ అతని కాలు ఒకచోట నిలవలేదు.

ఏడవదూ మరి! బస్సు డిపో వెనక సందులో ఇరవై ఆరేళ్ళుగా జాకీలు బాగుచేస్తూ బతుకుతున్న మనిషి జాకీలమ్మ. తొమ్మిది రోజుల కిందట ఈ గ్యారేజీ ఉన్న ఇంటాయన తన జాకీ తెచ్చి ఇచ్చాడు. నూనె కారకుండా ఉండే రబ్బరు సీళ్ళు మార్చి ఇచ్చింది ఆమె. ఇంటాయన లిఫ్టు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు, కారు పనులన్నీ ఇంట్లోనే సొంతంగా చేసుకుంటాడు. మొన్న శనివారం పొద్దున పదీ ఇరవైకి, ముందు కుడి చక్రం ఊడదీసి పని చేస్తుండగా కారు ధబీమని ఆయన మీద పడింది. ప్రాణం ఉంది కానీ స్పృహ లేదు. ఆస్పత్రిలో ఉన్నాడు. తప్పు ఆమెదని తేలితే జైలు ఖాయం. ఆ తర్వాత ఆమె చేతికి జాకీ ఇచ్చేవాడు ఈ ఊళ్ళో ఉండడు.

"ఎందుకు సంతకం పెడుతున్నావక్కా? కొట్టారా?" అడిగాడు నిదానం.

"ఏమండోయ్!" అని గర్జించాడు ఇన్‌స్పెక్టరు.

"ఎవరూ ఏమీ అనలేదు బాబూ," అంది జాకీలమ్మ. "సీలు వేసింది నేను. బిగించింది నేను. నేలంతా నూనె పోయిందంటున్నారు. సీలు చిట్లకపోతే నూనె ఎందుకు పోతుంది? ఎక్కడో నా చెయ్యి తప్పింది. రెండు రోజులుగా కళ్ళు మూస్తే ఆయనే కనిపిస్తున్నాడు."

ఆమె నమ్మేసింది. అదీ నిదానానికి భయం వేసిన సంగతి. అబద్ధం చెప్పేవాళ్ళతో అతను వేగగలడు. చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని ఊరేగేవాళ్ళతో వేగడం బహు కష్టం.

"ఒక్క అరగంట ఇవ్వండి ఇన్‌స్పెక్టరు గారూ. ఆ అరగంటలో నేనేమీ తేల్చలేకపోతే ఆ కాగితం మీద సాక్షి సంతకం నేనే పెడతాను."

ఇన్‌స్పెక్టరుకి ఆ మాట తియ్యగా వినిపించింది. పోయిన ఏడాది రెండు కేసుల్లో నిదానం తన పరువు బజారున పెట్టాడన్న మంట ఆయనలో ఇంకా ఆరలేదు. చేతి గడియారం చూసుకుని, "నాలుగింటి దాకా. అంతే," అన్నాడు.

నిదానం వెంటనే ఏమీ ముట్టుకోలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గ్యారేజీని కళ్ళతోనే తడమడం మొదలుపెట్టాడు.

ఒక కారు పట్టి, చుట్టూ మనిషి తిరగడానికి వీలుండే గది. ముందు వీధి వైపు షట్టరు, వెనక పెరట్లోకి చిన్న తలుపు, పక్కన ఇంట్లోకి గుమ్మం. కారు ఇప్పుడు చెక్క దిమ్మల మీద నిలబెట్టి ఉంది. కుడి వైపు ముందు చక్రం లేదు. ఊడదీసిన చక్రాన్ని గోడకి ఆనించారు. దాని నట్లు అయిదూ ఒక మూతలో బుద్ధిగా కూర్చున్నాయి. కారు కింద నేల మీద నూనె మరక, పెద్ద పళ్ళెమంత. మరక పక్కన ఇనుప స్టాండు ఒకటి ఒరిగి పడి ఉంది.

"ఈ స్టాండు ఇలాగే ఉందా?"

"ఇలాగే. ఆయన ప్రాణం నిలబెట్టింది అదే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కారు పూర్తిగా నేలకి దిగకుండా అడ్డం పడింది. వీధిలో ఆరుగురు వచ్చి కారు ఎత్తి ఆయన్ని లాగారు."

"అంటే జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టబోతున్నాడు. ఆ పెట్టే నాలుగు క్షణాల్లోనే పడింది."

"ఖర్మ."

"ఖర్మకి అంత టైము తెలుసంటారా?"

నిదానం గోడ వైపు తిరిగాడు. ఎడమ గోడంతా మేకులే. ప్రతి మేకుకీ ఒక పనిముట్టు. ప్రతి పనిముట్టు వెనకా గోడ మీద తెల్ల రంగుతో దాని ఆకారం గీసి ఉంది. సుత్తి తీస్తే సుత్తి బొమ్మ మిగులుతుంది, పానా తీస్తే పానా బొమ్మ. అన్నీ తమ తమ బొమ్మల మీదే వేలాడుతున్నాయి. అన్నిటికన్నా పొడుగ్గా, నిదానం భుజం ఎత్తున, జాకీని ఎత్తడానికీ దించడానికీ వాడే రాడ్డు వేలాడుతోంది.

"దీన్ని ఎవరు తగిలించారు?"

"మేం వచ్చేసరికే అక్కడుంది. పదీ నలభైకి వచ్చాం. ఫొటో కూడా ఉంది. ఆయనే తీసి పెట్టి ఉంటాడు. కాలికి అడ్డం పడుతుందని జాకీ ఎత్తగానే రాడ్డు ఊడదీసేస్తారు చాలామంది. ఇంత శుభ్రం మనిషి తీయడా? దీంట్లో మీకేం దొరకదు గానీ వేరే చూసుకోండి."

నిదానం తల ఊపాడు. ఆ మాటలో న్యాయముంది. అందుకే దాన్ని పక్కన పెట్టుకున్నాడు, పారెయ్యలేదు.

"జాకీ తెప్పించారా?"

కానిస్టేబులు గోనెసంచీ ఒకటి ఈడ్చుకొచ్చాడు. మూతి దగ్గర లక్క సీలు చెక్కుచెదరకుండా ఉంది.

"ఈ సీలు ఎవరు వేశారు?"

"నేనే. శనివారం పదకొండింటికి, ఇక్కడే, పదిమంది ముందు," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఛాతీ విరుచుకుని. "ఈగ కూడా దూరలేదు."

"ఈ మాట మరిచిపోకండి. పగలగొట్టండి."

ఎర్ర రంగు వేసిన చిన్న ట్రాలీ జాకీ బయటికొచ్చింది. ఇళ్ళల్లో వాడుకునే రకం. నాలుగు చక్రాలు, పొడుగాటి చెయ్యి, చివర కారుకి ఆనే పళ్ళెం. జాకీలమ్మ దాన్ని చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

"అక్కా, ఇందులో నూనె ఎంత పడుతుంది?"

"గ్లాసెడు."

"నేల మీద ఎంత పోయిందంటావ్?"

ఆమె మరక వైపు చూసింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు, కళ్ళతోనే కొలిచింది. "అదీ గ్లాసెడే."

"అయితే లోపల?"

"ఏముంటుంది? ఎండిపోయి ఉంటుంది."

"తీసి చూడు."

జాకీలమ్మ స్క్రూడ్రైవరు అందుకుని జాకీ పక్కనున్న రబ్బరు బిరడాని పైకి లేపింది. బిరడా ఊడింది. నూనె అంచు దాకా నిండి, వెలుతురు పడి మిలమిలమంది. ఒక చుక్క పొంగి ఆమె వేలి మీదికి జారింది.

కానిస్టేబులు మెడ చాచి చూసి, "నిండుగా ఉంది సార్," అన్నాడు, అడగకుండానే. ఇన్‌స్పెక్టరు వాణ్ణి కొరకొరా చూశాడు.

"గ్లాసెడు పట్టే జాకీ గ్లాసెడు కారింది, మళ్ళీ గ్లాసెడు లోపలే ఉంది," అన్నాడు నిదానం. "సంచీ మీద సీలు మీరే వేశారు. ఈగ దూరలేదు. మరి ఈ నేల మీది నూనె ఎవరు పోశారు ఇన్‌స్పెక్టరు గారూ?"

"పోశారని ఎందుకనుకోవాలి? ఏ ఇంజనులోంచో కారి ఉంటుంది. గ్యారేజీ కదా ఇది."

"ఇంజను కిందకు చూడండి. పొడిగా ఉంది. అదీకాక ఇంజనాయిల్ నల్లగా ఉంటుంది. ఇది తేనెరంగులో ఉంది, డబ్బాలోంచి తీసినట్టు."

ఇన్‌స్పెక్టరు కొత్త దారి వెతుక్కున్నాడు. "సరే, సీలు పోలేదనుకుందాం. నూనెని ఆపి పట్టే వాల్వు వదులైంది. దానంతటదే జారి కారు దిగిపోయింది. వాల్వు బిగించింది కూడా ఈవిడేగా?"

జాకీలమ్మ కళ్ళల్లో వెలిగిన వెలుగు మళ్ళీ ఆరిపోయింది. నిదానానికి కోపం వచ్చింది. కోపం వస్తే అతను ఇంకా మెల్లిగా మాట్లాడతాడు.

"మంచి మాట. చూద్దాం. ఈ జాకీతోనే, ఈ కారునే ఎత్తుదాం. దిమ్మల నుంచి నాలుగు వేళ్ళ ఎత్తున ఆపుదాం. పది నిమిషాలు చూద్దాం. వాల్వు జారుతుంటే కారు దిగాలి కదా?"

కానిస్టేబులు గోడ మీది రాడ్డు తీసి జాకీకి తగిలించి పంపు కొట్టడం మొదలుపెట్టాడు. కారు మూలిగి, దిమ్మల మీంచి లేచింది. నిదానం టేపు పెట్టి బంపరు నుంచి నేలకి కొలిచాడు. పదిహేడున్నర అంగుళాలు. టైము మూడూ నలభై రెండు.

"కారు కిందికి ఎవరూ చెయ్యి కూడా పెట్టకండి," అన్నాడు.

పది నిమిషాలు కదలకుండా నిలబడడం ఎంత కష్టమో ఆ గదిలో ఉన్న నలుగురికీ తెలిసొచ్చింది. జాకీలమ్మ కళ్ళార్పకుండా బంపరునే చూస్తోంది. ఇన్‌స్పెక్టరు బూటు నేలకేసి కొడుతున్నాడు. నిదానం అలమారలో నీలం అట్ట రిజిస్టరు ఒకటి కనిపిస్తే తీసి తిరగేశాడు. గుండ్రటి చేతిరాత, ఇంటాయనదే.

'ఇళ్ళల్లో వాడే జాకీలు, అయిదు రకాలు, నా పరీక్షలు' అని పైన రాసి ఉంది. కింద ఒక్కొక్కటీ.

'మొదటిది. డబ్బా మీద మూడు టన్నులని వేశారు. టన్నున్నరకే పళ్ళెం దగ్గర వెల్డింగు చిట్లింది. రెండోది. నూటయాభై సార్లు ఎత్తి దించేసరికి ముందు చక్రాల ఇరుసు వంకర పోయింది. మూడోది, ఎర్రది, నా దగ్గరున్న రకమే. కొత్తది కొని చూశాను. ఎత్తడంలో వంక లేదు. దించడంలోనే ఉంది అంతా. రాడ్డు కాస్త తిప్పితే చాలు, ఆగదు, ఒక్కసారిగా పడుతుంది. చేతకాని వాళ్ళ చేతిలో ఇది మనిషిని మింగుతుంది.'

చివరి పేజీలో ఎర్ర సిరాతో రెండు వాక్యాలు. 'అయిదింటిలో ఒక్కటీ అమ్మకానికి పనికిరాదు. సోమవారం నాణ్యత ఆఫీసులో కాగితాలిచ్చి సరుకంతా ఆపించాలి.'

ఇవాళే సోమవారం. నిదానం రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాడు.

"మూడూ యాభై రెండు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

టేపు పెట్టారు. పదిహేడున్నర. వెంట్రుక వాసి కూడా దిగలేదు.

"నిలబడింది," అంది జాకీలమ్మ నమ్మలేనట్టు. "బాబూ, నిలబడింది!"

"నిలబడింది అక్కా. ఇప్పుడు దించు. నీ చేత్తోనే."

జాకీలమ్మ రాడ్డు పట్టుకుంది. ఆమె ఎడమ చేతికి బొటనవేలు లేదు. మిగిలిన నాలుగు వేళ్ళతోనే ఒడుపుగా పట్టి, రాడ్డుని పావు చుట్టు తిప్పింది.

ధన్!

కారు దిమ్మల మీద పడి గది అదిరింది. గోడ మీది పనిముట్లన్నీ గలగలలాడాయి. కానిస్టేబులు రెండడుగులు వెనక్కి గెంతాడు. జాకీలమ్మ మాత్రం రాడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత ఒక్కసారిగా అరిచింది.

"ఇది నా జాకీ కాదు!"

"ఏమిటీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నా జాకీ కాదు సార్! నేను బాగుచేసింది ఇలా పడదు. పడలేదు! ఇది చూడండి," అని ఎడమ చెయ్యి ఆయన మొహం ముందు పెట్టింది. "పద్దెనిమిదేళ్ళ కిందట ఇలాగే ఒకటి ధన్మని దిగి నా వేలు తీసుకుపోయింది. ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను. నా చేతి మీదుగా వెళ్ళే ప్రతి జాకీకీ వాల్వు కింద ఇత్తడి వాషరు వేస్తాను, మధ్యలో సూది బెజ్జం. ఎంత తిప్పినా నూనె ఆ బెజ్జంలోంచే పోవాలి. బండి మెల్లిగా దిగుతుంది. కింద ఉన్నవాడు లేచి బట్టలు దులుపుకుని పక్కకి రావచ్చు. ఎవరూ అడగరు, నేనే వేస్తాను."

"అయితే ఇందులో..."

ఆమె అప్పటికే పానా అందుకుంది. వాల్వు విప్పి అరచేతిలో పెట్టుకుంది. చిన్న స్టీలు గుండు వచ్చింది, స్ప్రింగు వచ్చింది. వాషరు లేదు.

"ఏ జాకీ తెచ్చినా విప్పి చూపిస్తాను సార్, నా సందులో పాతిక ఉన్నాయి. ఇది మాత్రం నేను ముట్టుకున్నది కాదు. రంగు అదే, రకం అదే. గోనెసంచీలో చూపించి ఇదే నీ జాకీ అన్నారు, నమ్మాను. నేనే ఆయన్ని చావు దాకా తెచ్చాననుకున్నాను," అని అక్కడే, ఆ నూనె మరక పక్కనే కూర్చుని భోరుమంది.

ఇన్‌స్పెక్టరు సంతకం లేని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఓడిపోయానని ఆయన నోటితో అనడు. ఆ మడతలే అన్నాయి.

"జాకీ మార్చారు," అన్నాడు నిదానం. "ఆవిడ జాకీ మెల్లిగా దిగుతుంది, పెద్దాయన తప్పించుకుంటాడు. అందుకని అదే రకం కొత్తది తెచ్చి పెట్టారు. సీలు పోయిందనిపించడానికి నూనె పోశారు. ఇంక మీరు పక్కన పెట్టమన్న రాడ్డు సంగతి చూద్దాం. కారు దానంతటది పడలేదు. ఎవరో వాల్వు తిప్పారు. రాడ్డు లేకుండా వాల్వు తిరుగుతుందా?"

"తిరగదు," అన్నాడు కానిస్టేబులు.

"నువ్వు నోరుముయ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కానీ ఆయన కళ్ళు గోడ మీద ఖాళీగా మిగిలిన తెల్లటి రాడ్డు బొమ్మ మీదే ఉన్నాయి. "అంటే కారు పడేటప్పుడు రాడ్డు జాకీకే ఉంది."

"ఉంది. కింద నలిగిపోయినవాడు లేచి వెళ్ళి దాన్ని మేకుకి తగిలించలేదు కదా? బయటి దొంగవెధవ అయితే రాడ్డు అక్కడే పారేసి పరుగెత్తుతాడు. వీడు ఒక మనిషిని కారు కింద వేసి, పారిపోయే కంగారులో కూడా రాడ్డు తీసి, దాని బొమ్మ మీద, దాని మేకుకి తగిలించి మరీ వెళ్ళాడు. ఇది తెలివి కాదు. అలవాటు. ఈ గోడ దగ్గర ఏళ్ళ తరబడి చీవాట్లు తిన్న చెయ్యి అది."

ఇంట్లోంచి గ్యారేజీలోకి ఉన్న గుమ్మంలో అలికిడయింది. ఇంటాయన భార్య. చేతిలో ఉతికిన బట్టల సంచీ, ఆస్పత్రికి బయల్దేరుతున్నట్టుంది. ధన్మన్న చప్పుడుకి వచ్చినట్టుంది, తలుపు రెక్క పట్టుకుని నిలబడింది.

"మళ్ళీ అదే చప్పుడు," అంది. "శనివారం కూడా అచ్చం ఇదే చప్పుడు."

"కూర్చోండమ్మా. శనివారం ఆ చప్పుడు ఎక్కడి నుంచి విన్నారు?"

"పక్కింటి టైలరు దగ్గరున్నాను అన్నయ్యగారూ. జాకెట్టు కొలతలిస్తున్నాను. అప్పుడే ఆవిడ గడియారం చూసి పదీ ఇరవై, మీ ఆయనకి కాఫీ టైమైందంటూ నవ్వింది. అంతలోనే చప్పుడు. ఇద్దరం కలిసే పరుగెత్తుకొచ్చాం. పెరటి తలుపు తీసి ఉంది. ఆయన..."

"మీరు గాని, ఆవిడ గాని రాడ్డు ముట్టుకున్నారా?"

"అయ్యో, రాడ్డు ఎవరు చూశారు? నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ వీధిలోకి వెళ్ళి కేకలేసి మనుషుల్ని పిలిచింది."

"తర్వాత ఎవరికి ఫోను చేశారు?"

"మా మరిదికి. పదీ పాతికకి. పాపం, ఎక్కడున్నవాడు అక్కణ్ణించే పరుగెత్తుకొచ్చాడు. అయిదు నిమిషాల్లో వచ్చి వాలాడు. అంబులెన్సు కన్నా ముందే."

"ఎక్కడున్నాడప్పుడు?"

"షాపులో. ఫోనులో చెప్పాడుగా, షాపులో ఉన్నాను వదినా, బయల్దేరుతున్నానని."

"షాపు ఎక్కడ?"

"వంతెన అవతల. కారు సామాన్లు, జాకీలు అమ్ముతాడు. గోడౌను కూడా అక్కడే." ఆమె చెప్పుకుంటూ పోతోంది, ఇన్‌స్పెక్టరు మాత్రం తన గడియారం వైపు చూసుకున్నాడు. వంతెన దాటి రావాలంటే ఏ వేళలోనైనా పాతిక నిమిషాలు. అది ఆయనకీ తెలుసు, కానిస్టేబులుకీ తెలుసు.

నిదానం రిజిస్టరు తెరిచి చివరి పేజీ ఆమె ముందు పెట్టాడు. "ఈ అయిదు జాకీలూ ఎక్కడివమ్మా?"

"మా మరిది షాపువే. అందుకే ఇద్దరికీ మాటామాటా పెరిగింది. గోడౌను నిండా అవే ఉన్నాయి, ఆపిస్తే నేను రోడ్డున పడతానన్నాడు మరిది. జనం చచ్చాక రోడ్డున పడితే ఏం లాభం అన్నారు ఈయన. శుక్రవారం రాత్రి అన్నం కూడా తినకుండా ఈ గ్యారేజీలోంచే వెళ్ళిపోయాడు వాడు. శనివారం పొద్దున తొమ్మిదింటికి మళ్ళీ ఫోను చేశాడు, తప్పు నాదే అన్నయ్యా, వచ్చి మాట్లాడతానని. ఈయన ఎంత సంతోషించారో! చక్రం పనుంది, వస్తే సాయం పడుదువు గాని అన్నారు. రాలేదేమిటా అనుకుంటూనే నేను టైలరు దగ్గరికి..."

ఆమె చూపు గోడ మీదికి వెళ్ళింది.

"అమ్మా," అన్నాడు నిదానం. ఈ ప్రశ్న అడగకుండా ఉంటే బాగుండుననిపించింది అతనికి. "ఈ బొమ్మలు గీసి ఎన్నేళ్ళయింది?"

"ఇరవై రెండేళ్ళు." పెదవులు మాత్రమే కదిలాయి. "మరిది కోసమే గీశారు. అత్తగారు పోయినప్పుడు వాడికి పదేళ్ళు. మా దగ్గరే పెరిగాడు. తీసిన వస్తువు తీసిన చోట పెట్టేవాడు కాదు. ఈయన బొమ్మలు గీసి, ఒక్కో వస్తువూ వంద సార్లు వాడి చేత తీయించి, తగిలింపజేసేవారు. ఏడ్చేవాడు. నేనే అడ్డం వెళ్ళి..." చేతిలోని సంచీ జారి కింద పడింది. "కాదు. కాదు అన్నయ్యగారూ. వాడికి గోరుముద్దలు పెట్టాను నేను. రెండు రోజులుగా ఆస్పత్రిలో వాడే ఉన్నాడు. వార్డు బయట బెంచీ మీద, తిండి లేదు, నిద్ర లేదు. ఇందాక నన్ను కూడా వాడే పంపించాడు. ఇంటికెళ్ళి స్నానం చేసి రా వదినా, అన్నయ్యని నేను చూసుకుంటానని."

నిదానం లేచి నిలబడ్డాడు. అతను అంత చురుగ్గా లేవడం ఇన్‌స్పెక్టరు ఎన్నడూ చూడలేదు.

"వార్డు దగ్గర మీ వాళ్ళెవరున్నారు?"

"ఎవరూ లేరు. యాక్సిడెంటు కదా అని..." ఇన్‌స్పెక్టరు టోపీ అందుకున్నాడు. "లోపలికి ఎవర్నీ రానివ్వరులెండి. డాక్టరు గట్టిగా చెప్పాడు. స్పృహ వచ్చేదాకా భార్యకి తప్ప ఎవరికీ అనుమతి లేదు. మనం వెళ్ళడానికి పది నిమిషాలు, అంతే."

"ఫోను చెయ్యండి. నడుస్తూ చెయ్యండి!"

ఇన్‌స్పెక్టరు నంబరు కొడుతూనే షట్టరు కింద నుంచి దూరాడు. జీపు దాకా పరుగెత్తారు ఇద్దరూ. వెనకే కానిస్టేబులు. రెండుసార్లు మోగి కట్టయింది. మూడోసారి ఎవరో నర్సు ఎత్తింది. ఇన్‌స్పెక్టరు స్పీకరు నొక్కాడు.

"నేను ఇన్‌స్పెక్టర్ని మాట్లాడుతున్నాను. కారు కింద పడ్డ పేషెంటు ఎలా ఉన్నాడు?"

"మీకు నూరేళ్ళు సార్, ఇప్పుడే మీకు ఫోను చేద్దామనుకుంటున్నాం!" నర్సు గొంతులో సంతోషం పొంగిపోతోంది. "అయిదు నిమిషాల కిందట కళ్ళు తెరిచారు. మాట కూడా వచ్చింది. ఒకటే మాట, తమ్ముడు, తమ్ముడు అని ఒకటే కలవరింత. చెయ్యి కూడా ఎత్తి తలుపు వైపు చూపించారు. పాపం ఆయన బాధ చూడలేక, రూలు కాకపోయినా, బయట కూర్చున్న తమ్ముడిగారిని నేనే లోపలికి పంపించానండీ. అన్నదమ్ములం కాసేపు ఏకాంతంగా మాట్లాడుకుంటామని ఆయనంటే, మేమంతా బయటికి వచ్చేశాం."